కాన్పు గదిలో గాజులు

రెండు ఆరు చేతికి రెండు నాలుగు గాజులు ఎక్కించగలిగే మనిషి బాన్సువాడ బజారు మొత్తంలో ఒక్కతే ఉంది. పేరు చెబితే గొప్పలు పోయినట్టుంటుంది కాబట్టి చెప్పను. ఆమె దుకాణం గల్లాపెట్టె దగ్గర కూర్చునేది నేనేనని మాత్రం చెబుతాను. గాజుల సైజులు తెలియనివాళ్ళకు ఒక మాట: రెండు నాలుగు కంటే రెండు ఆరు పెద్దది, రెండు ఎనిమిది ఇంకా పెద్దది. చేయి పెద్దదై గాజు చిన్నదైతే మామూలు దుకాణదారు "సైజు లేదమ్మా" అని పంపేస్తాడు. నేను పంపను. చేతికి సబ్బు నురగ పట్టిస్తాను. బొటనవేలిని అరచేతిలోకి మడిచి పట్టుకుంటాను. పలచటి ప్లాస్టిక్ కవరు తొడిగి దాని మీదుగా గాజును జారుస్తాను. సరిగ్గా నొప్పి పుట్టే చోట వాళ్ళ అత్తగారి గురించి ఒక ప్రశ్న అడుగుతాను. జవాబు ముగిసేలోపు గాజు మణికట్టు మీద ఉంటుంది.

ఈ విద్యలో నేను చేసిన అన్నిటికంటే పెద్ద ఘనకార్యం, నిండు గర్భిణికి బిగువైన పచ్చ మట్టిగాజులు రెండు చేతుల నిండా ఎక్కించడం. ఒక్కటి కూడా పెరగలేదు. గాజు పగిలింది అని మేం అనం. మా దుకాణంలోనే కాదు, ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ అనరు. పెరిగింది అంటాం. పెళ్ళయిన ఆడమనిషి చేతి గాజు గురించి ఆ మొదటి మాట వాడితే ఆమె మొగుడికి చెడు కోరినట్టే లెక్క.

ఆ పచ్చ గాజులు అంతకు ముందు శ్రావణమాసానికి పట్నం నుంచి తెచ్చినవి. రెండు నాలుగు చేతులున్న ఆడపిల్లలు ఊళ్ళో తగ్గిపోయారో, అందరూ కడుపునిండా తింటున్నారో, పెట్టెలకు పెట్టెలు మిగిలిపోయాయి. మా బాపుది కిరాణా దుకాణం. అమ్ముడుపోని సరుకు కళ్ళ ముందు ఉంటే ఆయనకు అన్నం సహించేది కాదు. "సరుకు పాతదైతది గని మాట పాతది గాదు" అనేవాడు. ఆ మాట విని పెరిగినదాన్ని నేను.

కాబట్టి మా దుకాణం వెనక సందులో బీడీలు చుట్టే అవ్వ తన కోడలిని వెంటబెట్టుకుని వచ్చినప్పుడు నాకు కనబడింది గర్భిణి కాదు, గిరాకీ. కోడలు తొలి చూలు. మద్నూర్ అవతల ఉన్న పుట్టింటికి కాన్పుకు పోతున్నది. పోయేముందు గాజులు తొడిగించాలి.

"చేతులు జర ఉబ్బినయే బిడ్డా, పెద్ద సైజు చూడు" అంది అవ్వ.

"పెద్ద సైజు నీ చేతికేస్త అవ్వా, నువ్వు బీడీలు చుట్టంగ జారి చాటల పడతయ్. పడుసు పిల్లకు బిగువుంటెనే అందం."

"కాన్పుల కష్టం గాదా?"

"కాన్పు కడుపుతోని గద అవ్వా, చేతులతోని కాదు గద."

కొట్లో ఉన్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు నవ్వారు. కోడలు కూడా నవ్వింది. గిరాకీ నవ్విందంటే బేరం కుదిరినట్టే. ఉబ్బిన చేతిని చూసి నాకు అనుమానం రావలసింది. పంతం వచ్చింది. సబ్బు తెప్పించాను. ఆ తర్వాత అవ్వ ధర దగ్గర కొట్లాడింది, నేను కొంచెం దిగాను, తీసుకున్నానన్న తృప్తి ఆమెకు, వదిలించుకున్నానన్న తృప్తి నాకు.

ఆ పిల్ల పుట్టింటి నుంచి చంటి కూతురిని ఎత్తుకుని తిరిగి వచ్చింది. మళ్ళీ నా దుకాణం మెట్టు ఎక్కలేదు. చేతులకు చెరొక ప్లాస్టిక్ గాజు. సందులో ఎదురైతే తల వంచుకుని పోయేది. నేను దాన్ని వ్యాపారం లెక్కలోనే చూశాను. ప్లాస్టిక్ గాజులు వచ్చి మా పొట్ట కొట్టాయని, ఈ కాలం పిల్లలకు మట్టిగాజు విలువ తెలియదని పక్క దుకాణంవాళ్ళతో తిట్టుకున్నాను. కారణం నేనే అయ్యుండొచ్చన్న ఆలోచన నాకు రాలేదు. దుకాణదారుకు అలాంటి ఆలోచనలు రావు, వస్తే దుకాణం నడవదు.

రెండేళ్ళ తర్వాత ఒకరోజు మా వాడకట్టు ఆశా కార్యకర్త దుకాణానికి వచ్చింది. గర్భిణుల ఇళ్ళకు తిరిగి దవాఖానకు తీసుకుపోయే పని ఆమెది. గాజులు కొనడానికి అనుకుని స్టూలు జరిపాను.

"కొననీకి రాలే అక్కా. నీ దుకాణం ఎనక అవ్వ ఉన్నది గద, ఆమె కోడలు మల్ల నీళ్ళోసుకున్నది. ఎనిమిదో నెల. బీపీ ఎక్కువుంది. కాన్పుకు దవాఖానకు రానంటే రానంటుంది. ఇంట్లనే కంటదట."

"వాళ్ళమ్మ ఇంటికి పోతలేదా?"

"వాళ్ళమ్మ పోయినేడు సచ్చిపోయింది. గీడనే కావాలె. గీ బీపీతోని ఇంట్ల కంటె తల్లి దక్కదు, పిల్ల దక్కదు. నేను చెప్పి చెప్పి నోరు పోయింది. నువ్వు జెప్పు."

"నేనెవరు చెప్పనీకి?"

"నువ్వు అమ్మలేని సరుకు బాన్సువాడల లేదంటరు గద. గిదొక్కటి అమ్ము."

పొగడ్తకు పడని దుకాణదారును నేను చూడలేదు. మధ్యాహ్నం గిరాకీ పలచబడగానే సందులోకి పోయాను.

అవ్వ గడప లోపల చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్నది. కోడలు గోడకు ఆనుకుని, కాళ్ళు చాపి, తునికాకు కత్తిరిస్తున్నది. రెండేళ్ళ కూతురు ఆకు ముక్కలతో ఆడుకుంటున్నది. నేను కూర్చుని సరుకు విప్పాను. పైసా ఖర్చు లేదన్నాను. బండి ఇంటి ముందుకే వస్తదన్నాను. డాక్టరమ్మలు, మందులు, రక్తం కావాలంటే రక్తం అన్నీ ఒక్కచోటే అన్నాను. బీపీ పెరిగితే ఏమవుతుందో ఆశా చెప్పినదానికి కొంచెం కారం కలిపి చెప్పాను. అవ్వ తలూపుతున్నది. కోడలు కత్తెర ఆపలేదు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు తలెత్తకుండానే అంది.

"గాజులు పగలగొట్టే కాడికి నేను రాను."

అవ్వ చేతిలో బీడీ సగంలో ఆగిపోయింది. "నోట్లెకెల్లి గా మాట తియ్యకే! లారీ మీద పోయిండు నా కొడుకు."

"నేను తియ్యలే అత్తమ్మా. వాళ్ళు తీసిండ్రు."

అప్పుడు చెప్పింది. ఏ దవాఖానో ఆమె చెప్పింది గానీ నేను రాయను. నొప్పులు మీద పడ్డాక చేతికి సూది పెట్టాలన్నారట. గాజులు అడ్డం వచ్చాయి. లాగితే రాలేదు. నొప్పి వచ్చి ఆమె మెలికలు తిరుగుతుంటే ఎవరో చేయి పట్టుకున్నారు, ఇంకెవరో "పగలగొట్టు, టైం లేదు" అన్నారు. మంచం ఇనుప కడ్డీకేసి కొట్టారు. రెండు చేతులవీ. ఏడిస్తే, కన్నోళ్ళందరూ ఇట్లనే ఏడుస్తున్నరా అని కసిరారు.

"ఒక్కరన్న, గాజులు తియ్యాలె అమ్మా అని జెప్పలే. చేతులు మొండిగ అయినయ్. ఆయన గప్పుడు నాందేడ్ తొవ్వల ఉండె. మా అమ్మను బయటనే నిలవెట్టిండ్రు. ఫోన్ చెయ్యుమందమంటె నా తాన ఎవ్వరు లేరు. బిడ్డ పుట్టిందని చూపెట్టిండ్రు. నేను బిడ్డ మొకం చూడలే అక్కా. ఆయన ఉన్నడా పోయిండా, గదే నా పానంల."

ఆయన ఉన్నాడు. బయట ఉన్న వాళ్ళమ్మ చేస్తే కలవలేదు, అతని ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది, అంతే. పొద్దున చేశాడు. కానీ ఆ రాత్రంతా ఆ పిల్ల తన లెక్కలో తాను విధవగానే ఉంది. బాలింతగా ఉండవలసిన రాత్రి.

నా గాజులని ఆమె అనలేదు. "జర బిగువుండె" అని ఊరుకుంది. అవ్వ మాత్రం నా మొహం చూసింది. నేను తునికాకు చూశాను. బాగున్న ఆకు, పగుళ్ళు లేవు.

ఆ సాయంత్రం నేను గల్లా దగ్గర కూర్చుని వేసిన మొదటి లెక్క, తప్పు ఆ దవాఖానవాళ్ళదేనని. రెండో లెక్క, బిగువు గాజులు లేకపోతే వాళ్ళు కొట్టేవాళ్ళు కాదని. మూడోసారి లెక్క వేయలేదు. ఏదో ఒకటి చేసి ఖాతా మూసేద్దామనుకున్నాను. నాకు తెలిసింది బేరం. మరుసటి రోజు మా బాన్సువాడ దవాఖానకు పోయి కాన్పు గది సిస్టర్‌తో బేరం పెట్టుకుందామని బయలుదేరాను.

బేరానికి వట్టి చేతులతో పోకూడదని చిన్నప్పుడే నేర్చుకున్నాను. మెరుపు గాజుల డబ్బా ఒకటి సంచిలో పెట్టుకున్నాను. సిస్టర్ రుద్రూర్ దిక్కు మనిషి, నాకంటే చిన్నది, సన్నగా, ఎప్పుడూ నడుస్తూనే మాట్లాడుతుంది. ఆమె వెంట నేనూ నడిచాను. డబ్బా చేతిలో పెట్టబోయాను.

"ఏందక్కా గిది?"

"ఏం లేదు సిస్టర్, మీ చేతికి బాగుంటయని."

"డ్యూటీల గాజులు ఏస్కోం. లంచం గిట్ల మెరుస్తదని నాకు తెల్వది. వాపస్ తీస్కపో."

నవ్వుతూనే అంది, కానీ ఆగలేదు. నా వయసులో ఒక దుకాణం మనిషికి సరుకు వాపసు రావడమంత అవమానం ఇంకోటి లేదు. వరండాలో నిలబడి డబ్బా మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను. ఆశాకు ఫోన్ చేసి చెబితే ఆమె పడి పడి నవ్వింది.

"ఒక్కదానివి పోతే గట్లనే ఉంటది. సంఘం మీటింగ్ ఉంది, సిస్టర్ను గూడ రమ్మంట. అందరి ముంగట మాట్లాడు. అవ్వను, కోడలిని గూడ తీస్కరా."

సంఘం అంటే మా వాడకట్టు ఆడవాళ్ళ పొదుపు సంఘం. బీడీలు చుట్టేవాళ్ళు, ఒకరిద్దరు దుకాణాలవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు. సమావేశమంటే చాపలు పరిచి కూర్చోవడం, కిస్తీల గురించి అరుచుకోవడం, చాయ్ తాగడం. ఆ రోజు సిస్టర్ డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. కోడలు గుమ్మం పక్కన, లేచిపోవడానికి వీలుగా కూర్చుంది.

నేను పద్ధతిగా మొదలుపెట్టాను. బేరంలో నాలుగు కావాలంటే పది అడగాలి. కాన్పు గదిలో గాజులు తీయకూడదన్నాను. అత్తో తల్లో లోపలే ఉండాలన్నాను. ఎవరినీ ఏయ్, నువ్వు అనకూడదు, అమ్మా అని పిలవాలన్నాను. వేడి చాయ్ ఇవ్వాలన్నాను. చాయ్ మాట నాకు అవసరం లేదు, తగ్గించడానికి ఒకటి ఉండాలని వేశాను.

సిస్టర్ అన్నీ విని తన ఎడమ చేయి చాపింది. అరచేతిలో బొటనవేలి కింద పొడుగాటి మచ్చ.

"గిది గాజు. కాన్పుల ఒకామె నా చెయ్యి పట్టుకున్నది, ఆమె చేతిదే చిట్లి నాకు దిగింది. కుట్లు పడ్డయ్. నాది గనుక సరే, పుట్టిన పిల్లకు దిగితె? ఆపరేషన్‌కు తీస్కపోవాల్నంటె? గాజులు తియ్యకుంటె కుదరదక్కా. పది అడుగు, ఇరవై అడుగు, గది మాత్రం కుదరదు."

"తియ్యుండ్రి, పగల... గా మాట ఎందుకంటరు మరి?" అని ఒక బీడీల ఆమె అందుకుంది.

"ఏ మాట?"

ఆ మాట ఎవరూ నోటితో అనరు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి అవ్వ, చెయ్యి మంచానికేసి కొట్టినట్టు సైగ చేసి చూపించింది.

"పగలగొట్టుడా?" అంది సిస్టర్. చాప మీద నాలుగైదు చేతులు ఒక్కసారిగా చెవులు మూసుకున్నాయి. ఒకామె "శివ శివా" అంది. సిస్టర్ బిత్తరపోయింది.

"మేం చర్చికి పోయేటోళ్ళం. మా ఇంట్ల గ్లాసు పగిల్నా గదే మాట, గాజు పగిల్నా గదే మాట. గిది తిట్టని నాకెవ్వరు జెప్పలే. మరేమనాలె?"

"పెరిగింది అనాలె."

"పగిలితె పెరిగింది అనాల్నా?"

"ఆ."

"మీ లెక్క మీకే తెలవాలె తల్లీ." కాసేపు తనలో తాను ఆ మాట రెండుసార్లు అనుకుంది. "సరే. పెరిగింది."

నాకు ఉత్సాహం వచ్చింది. ఒక మెట్టు దిగింది అవతలి మనిషి. ఇంకో మెట్టు దించుదామని మళ్ళీ గాజుల దగ్గరికే వచ్చాను. ఒక్కో చేతికి ఒక్కో గాజు ఉంచండి అన్నాను. వదులువి అన్నాను. గుడ్డ చుట్టి ఉంచండి అన్నాను. ఆమె కాదంటున్నది, నేను తగ్గిస్తూ పోతున్నాను, ఆమె కాదంటున్నది. గుమ్మం దగ్గర నుంచి కోడలి గొంతు వినబడింది.

"గాజులు తియ్యుండ్రి అక్కా."

అందరం అటు తిరిగాం.

"తియ్యుండ్రి. నాకు జెప్పి తియ్యుండ్రి. ఏం జేస్తున్నరో ముందుగాల నా మొకం చూసి జెప్పుండ్రి. సూదైనా, కోతైనా, ఏదైనా. నాకు పానం ఉన్నది గద."

అంతే అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ గోడ వైపు జరిగింది.

నేను అరగంట నుంచి వేరే సరుకుకు బేరం చేస్తున్నానని అప్పుడు అర్థమైంది. నా దుకాణంలో గాజులు ఉంటాయి కాబట్టి గొడవ గాజులదే అనుకున్నాను. బియ్యం అమ్మేవాడైతే బియ్యం గురించి కొట్లాడి ఉండేవాడు. ఆ పిల్లకు కావలసింది వేరు, దానికి ధర లేదు, సిస్టర్ దగ్గర అది లేకపోలేదు కూడా. అడిగినవాళ్ళు లేరు.

సిస్టర్ లేచి పోయి ఆమె పక్కన చాప మీద కూర్చుంది. "నాకు గూడ నోరు జారుతదమ్మా" అంది. "ఒక్క దిక్కు ముగ్గురు మొత్తుకుంటుంటరు, బయట పది మంది తలుపు గుద్దుతుంటరు. చెప్పాలె, నిజమే. చెప్పనీకి ఒక్క మాట సాలు. గంత టైం ఉంటది."

తర్వాత మాటలు తొందరగా తెమిలాయి, ఎందుకంటే నేను నోరు మూసుకున్నాను. గాజులు దవాఖానకు రాగానే తీయాలి, ఇంటివాళ్ళే తీయాలి, చేతులు బోసిగా ఉండకుండా ముందు పసుపుదారం కట్టాలి. ఏది చేసినా ముందు ఆమెకు చెప్పాలి. ఇంటి ఆడమనిషి ఒకరు మంచం పక్కన ఉండాలి. ఆ ఒక్కరు కాక మిగతావాళ్ళు తలుపు దగ్గర గుంపు కట్టకూడదు, సిస్టర్ల మీద అరవకూడదు, ఇది సిస్టర్ పెట్టిన షరతు. ఆమెది ఇంకో షరతు కూడా ఉంది.

"గాజులమ్మేటోళ్ళు గూడ ఒక మాట ఇయ్యాలె. ఏడో నెల దాటినోళ్ళకు బిగువువి అమ్మొద్దు. ఎవరు అమ్ముతరో గని, సబ్బు పెట్టి ఎక్కిస్తరట. దిగవు గవి."

"ఎవరో ఏంది, గీ సావుకారమ్మనే" అంది అవ్వ, నన్ను మోచేత్తో పొడుస్తూ. "మా కోడలికి ఎక్కించింది గూడ గీమెనే. కాన్పు చేతులతోని గాదు అన్నది."

చాపంతా నవ్వు. సిస్టర్ కూడా నవ్వింది, నా సంచి వైపు చూసి ఇంకా ఎక్కువ నవ్వింది. కోడలు నవ్వలేదు గానీ నా వైపు నేరుగా చూసింది, రెండేళ్ళలో మొదటిసారి. నేను మాట ఇచ్చాను. పది అడగడానికి పోయి ఒకటి ఇచ్చి వచ్చిన బేరం నా జీవితంలో అదొక్కటే.

"ఇగ వస్తవా దవాఖానకు?" అని ఆశా అడిగింది.

"అత్తమ్మ లోపల ఉంటె వస్త. లేకుంటె రాను."

ఆమెకు ఆ వారమే చేతికి రెండేసి గాజులు వేశాను, రెండు ఎనిమిది, చేయి దించితే జారిపోయేంత వదులు. అవ్వ వద్దన్నా కోడలే వేయమంది. చేతులు బోసిగా కాన్పుకు పోను అంది.

నొప్పులు ఒక మధ్యాహ్నం మొదలయ్యాయి. మొగుడు లారీ మీద ఉన్నాడు. అవ్వ దుకాణంలోకి ఉరికి వచ్చి "ఇగ నడువ్" అంది. నన్నెందుకు అని అడగలేదు, షట్టరు దించాను. ఆశా బండి పిలిపించింది. దవాఖానలో దిగేసరికి ఆ పిల్ల మొహం ఉబ్బి, కళ్ళు చిన్నవై, వేళ్ళు బెండకాయల్లా ఉన్నాయి. కాన్పు గది తలుపు తెరుచుకుంది. లోపల ఉన్నది మా సిస్టర్ కాదు. డ్యూటీ మారింది. వేరే ఆమె, పెద్దావిడ, మా చాప మీద ఎన్నడూ కూర్చోనిది.

బేరం ఒకరితో కుదిరితే సరుకు ఇంకొకరి చేతిలో ఉంది. బజారులో ఇలా జరిగితే ఏం చేయాలో నాకు తెలుసు, గట్టిగా అరవాలి. అరవబోయాను.

"మీతోని ఒక మాట అయింది సిస్టర్..."

"ఎవరితోని? నాతోని ఎవరేం మాట్లాడలే. బీపీ ఎంతున్నదో చూసినవా? జరుగు."

ఆశా నా రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. తలుపు దగ్గర గుంపు కట్టకూడదన్న షరతుకు ఒప్పుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. పెద్ద సిస్టర్ సూది తీసుకుని కోడలి చేయి పట్టుకుంది. కోడలు చేయి లాక్కుంది. లేచి ఇంటికి పోతానంటుందనుకున్నాను.

"ముందుగాల జెప్పుండ్రి సిస్టర్" అంది. "ఏం జేస్తున్నరో జెప్పి చెయ్యుండ్రి. మా అత్తమ్మను నా తాన ఉండనియ్యుండ్రి. ఏం జేసినా ఊకుంట."

పెద్ద సిస్టర్ సూది పట్టుకున్న చేయి దించింది. అలా అడిగినవాళ్ళు ఆమెకు ఎక్కువమంది తగిలి ఉండరు. విసుగు మొహంలో అలాగే ఉంది, గొంతు మాత్రం ఒక మెట్టు దిగింది.

"బీపీ తగ్గనీకి సూది. నరంల ఇస్త. వేడిగ అనిపిస్తది ఒళ్ళంత, భయపడకు. గాజులు తియ్యాలె. అత్తమ్మ ఒక్కతే ఉండాలె, గీ రెండో ఆమె గాజులు తీసి బయటికి పోవాలె."

రెండో ఆమె నేను. ముందు అవ్వ పసుపుదారం కట్టింది. నేను సబ్బు నీళ్ళు పట్టించాను. మూడు గాజులు వచ్చాయి. కుడిచేతిది నాలుగోది రాలేదు. జారిపోయేంత వదులుగా వేసిన రెండు ఎనిమిది, ఆ కొన్ని రోజుల వాపుకే చర్మంలోకి దిగబడి ఉంది. వేలు మడిచాను, కవరు వేశాను, నాకు తెలిసినదంతా చేశాను. ఎక్కించడంలో పేరున్న చేతులు దింపడంలో పనికి రాలేదు.

పెద్ద సిస్టర్ ఒంగి చూసింది. "రాదు గది. గుడ్డ చుట్టి నొక్కాలె. చెయ్యాల్నా అమ్మా?"

ఆ మాట ప్రశ్నగా అడిగింది. నేను విన్నాను.

కోడలు కళ్ళు మూసుకుంది. నొప్పి వచ్చి పోయేదాకా ఆగి, "ఒక్క ఫోన్" అంది. అవ్వ కొడుక్కి కలిపి చెవి దగ్గర పెట్టింది. ఎత్తాడు. స్పీకరు లేకపోయినా లారీవాళ్ళ గొంతు మంచం చుట్టూ అందరికీ వినబడుతుంది.

"ఏడున్నవ్?"

"మద్నూర్ కాడ. చాయ్ తాగుతున్న. ఏమైందే?"

"ఏం గాలే. తాగు." ఫోన్ పక్కకు జరిపి సిస్టర్ వైపు తిరిగింది. "ఇగ కానియ్యుండ్రి."

గుడ్డ కింద చిన్న చప్పుడు. గుడ్డలోనే ముక్కలు మూటగట్టి సిస్టర్ నా చేతిలో పెట్టింది, తలుపు చూపించింది. బయటికి వచ్చాను. తలుపు గుద్దలేదు. అది నాకు ఎంత కష్టమో నన్ను ఎరిగినవాళ్ళకు తెలుసు.

పొద్దు గూకేలోపు ఆడపిల్ల పుట్టింది. తల్లిని బీపీ కోసం కొన్నాళ్ళు ఉంచుకున్నారు, భయం భయంగానే గడిచింది, తర్వాత తగ్గింది. ఇంటికి వచ్చారు. రెండోది కూడా ఆడపిల్లేనా అని సందులో ఎవరో అంటే, "నువ్వేమన్న పైసలు కట్టినవా?" అని అవ్వ అడిగింది.

పురుడు అయ్యాక ఒకరోజు చంటిదాన్ని చూడడానికి పోయాను. కోడలు పాలిస్తున్నది. నా కడుపులో ఒక మాట ఉంది, ఎప్పటి నుంచో అడగాలనుకున్నది. అంతా బాగా అయింది కదా, మొదటిదానికి ఇది చెల్లు అయిందా అని అడిగాను. దుకాణం మనిషిని, ఖాతా మూయకుండా నిద్ర పట్టదు.

"గది గదే అక్కా. గిది గిదే" అంది. కోపంగా అనలేదు. చంటిదాన్ని రెండో వైపుకు మార్చుకుని, "గీ పిల్ల మొకం పుట్టంగనే చూసిన. పెద్దదాని మొకం చూడలే. గది ఇప్పుడు చూస్తె వస్తదా?" అంది. పెద్దది అప్పుడే చెప్పు ఒకటి చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

కాబట్టి లెక్క ఇది, తగ్గింపు ఏమీ లేకుండా. దవాఖానలో పైసా తీసుకోలేదు. నా దుకాణం ఒక పూట మూతపడింది. నెలలు నిండినవాళ్ళకు బిగువు గాజులు అమ్మనని ఇచ్చిన మాటకు నాకు గిరాకీ కొంత పోయింది, పక్క దుకాణంవాడికి పెరిగింది, వాడు ఏ మాటా ఇవ్వలేదు. సంఘం చాప మీద అనుకున్నవాటిలో గాజులు ముందే తీసి దారం కట్టడం నిలబడింది. ఇంటి మనిషిని పక్కన ఉంచడం రద్దీ లేని రోజుల్లో జరుగుతుంది, రద్దీ రోజుల్లో జరగదు. ముందు చెప్పి చేయడం, చెప్పేవాళ్ళు చెబుతున్నారు, అడిగినవాళ్ళకు ఇంకాస్త ఎక్కువ చెబుతున్నారు, అడగనివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. తల్లి ఉంది, పిల్ల ఉంది. రెండో కాన్పుకు బాకీ లేదు. మొదటిది అలాగే ఉంది, అందులో సగం నాది.